రంగు వెయ్యని ఇల్లు

ఏప్రిల్ 4

నాణెం ఎగరేశారు. ఒక ఇంటికి తెల్లరంగు, పక్కింటికి ఏమీ లేదు. ఇదీ సైన్సు.

పాసింజర్ మా చీపురుపల్లిలో ఆగేదాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది. పొందూరు శివార్లలో ఆ కాలనీ ఇళ్ళన్నిటికీ సిమెంటు రేకులే. ఆడవాళ్ళు లోపల కూర్చుని నూలు వడుకుతారు. రేకుల మీద ఎండని వెనక్కి కొట్టే తెల్లరంగు వేస్తే లోపల ఎంత చల్లబడుతుందో కొలిచి, మే ఆఖరుకి గృహనిర్మాణ శాఖ వాళ్ళకి రిపోర్టు ఇవ్వాలి. తేడా బాగా కనపడితే కాలనీ అంతటికీ ప్రభుత్వమే రంగు వేయిస్తుంది. కనపడకపోతే ఫైలు మూస్తారు. ఈ పని కోసమే నేను ప్రాజెక్టులో చేరాను. లేకపోతే ఏదో ఏసీల కంపెనీలో చేరి, ఉన్నవాళ్ళ గదులు ఇంకా చల్లబరుస్తూ ఉండేదాన్ని.

అన్నదమ్ములిద్దరు ఒకే కొలతలతో పక్కపక్కనే కట్టుకున్న ఇళ్ళు దొరికాయని ప్రాజెక్టు నడిపే మురళీమోహన్ సారు మురిసిపోయారు. తమ్ముడి భార్య తాయారు ఇంటికి రంగు వచ్చింది. అన్న గోవింద్ ఇంటికి రాలేదు. గోవిందూ వాళ్ళావిడా తెల్లారగానే శ్రీకాకుళం కూలిపనికి పోతారు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది వాళ్ళ అమ్మ తవిటమ్మ ఒక్కతే.

"మరి నాకేటీ నేదా?" అంది తవిటమ్మ.

"మీ ఇల్లు పోల్చి చూడ్డానికి మామ్మా. ఎలా ఉందో అలాగే ఉంచాలి."

"ఎప్పుడూ ఉన్నట్టే ఉంటాది. దాన్ని నువ్వు కొత్తగా సూసేదేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రైల్లో నవ్వు రాలేదు.

సారుతో అన్నాను, రెండిళ్ళకీ వేసేద్దాం అని. "వేస్తే దేంతో పోలుస్తావమ్మా? ఈ ఒక్క ముసలావిడకి ఈ వేసవి చల్లగా గడుస్తుంది. మిగతా కాలనీకి ఎప్పటికీ గడవదు. నీకు ఏది కావాలో చెప్పు" అన్నారు.

నాకు జవాబు దొరకనంత మాత్రాన ఆయన చెప్పింది న్యాయం అయిపోదు.

ఏప్రిల్ 5

బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద కొన్న పసుపు అట్ట చిన్న పుస్తకం మళ్ళీ చదివాను. శాస్త్రం ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం కాదు, ఎవరి చెమట మీద నడుస్తోందన్నది ముఖ్యం అని అందులో రాసుంది. కింద గీత గీశాను. అక్కడ ముందే ఒక గీత ఉంది. అది కూడా నాదే.

నాన్న కొట్లో పప్పు తూస్తూ, "రేకుల మీద సున్నం కొడితే సల్లగుంటాదని మా అమ్మ ఎప్పుడో సెప్పీసింది. దానికి నువ్వు రోజూ రైలెక్కాలేటే?" అన్నాడు. కొట్లో ఉన్న ఇద్దరూ నవ్వారు. ఎంత చల్లగా ఉంటుందో మీ అమ్మ చెప్పిందా అని అడిగాను. "సెప్పలేదు. హాయిగా పడుకునీది" అన్నాడు.

ఏప్రిల్ 15

రెండిళ్ళలో దూలాలకి కట్టిన వేడి మీటర్లలో తేడా కనపడుతోంది. మంచి తేడా. గ్రాఫులో మధ్యాహ్నం తాయారు ఇంటి గీత కిందనే పాకుతోంది, తవిటమ్మ ఇంటి గీత ఆకాశానికి పోతోంది. ప్రమోద్ కూడా చూసి ఈల వేశాడు. ప్రమోద్ నాకు సీనియర్. రంగు వేసిన రేకుముక్క మీద దీపం వేసి, ఎంత వెలుగు తిరిగొస్తోందో కొలవడం అతని పని. నెమ్మదస్తుడు. నాకు నెమ్మదస్తుల్ని చూస్తే అనుమానం.

ఏప్రిల్ 24

తేడా లేదు.

ఏప్రిల్ 25

నిన్నా లేదు, ఇవాళా లేదు. వారంగా తగ్గుతూ వచ్చింది. ఎండేమో పెరిగింది, తేడా పెరగాలి. రెండు గీతలూ ఒకదాన్నొకటి ఆనుకుని నడుస్తున్నాయి.

రంగు కల్తీది. వేరే ఏమవుతుంది? డబ్బాలు ఊరికే ఇచ్చిన కంపెనీవాడు రెండుసార్లు ల్యాబుకి వచ్చి ప్రమోద్‌తో మాట్లాడి వెళ్ళాడు. నేను చూశాను.

ల్యాబులో అందరి ముందూ అడిగేశాను. "వాడు నీకేమిచ్చాడు?" అన్నాను.

ప్రమోద్ చేతిలో రేకుముక్క కింద పెట్టి, "పెన్ను" అన్నాడు. "ఆ కంపెనీ పేరున్న పెన్ను. కావాలా?"

"జోకులొద్దు."

"నిన్న కూడా కొలిచాను శైలజా. రంగు మొదటిరోజులాగే ఉంది. కాస్త దుమ్ము పట్టింది, అంతే. తప్పు పైన లేదు, లోపల ఉంది. లోపలికి వెళ్ళి చూడు. మనం పొద్దున్న పోయి మీటర్లు చూసుకుని ఎండెక్కకముందే వచ్చేస్తున్నాం."

సారు నన్ను బయటికి పంపించారు. కారిడార్లో అటూ ఇటూ నడిచాను. కోపంతోనే.

ఏప్రిల్ 28

మధ్యాహ్నం రైలుకి వెళ్ళాను. స్టేషన్ నుంచి నడిచేసరికి తల మాడిపోయింది.

తాయారు గుమ్మం ముందు చెప్పుల గుట్ట.

లోపల వీధి వీధంతా ఉంది. రాట్నాలు తెచ్చుకుని గోడవార వరసగా కూర్చున్నారు. ఒకామె వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వుతోంది, పింజలు గాలికి ఎగురుతున్నాయి. ఉయ్యాల్లో ఒక బిడ్డ, చాప మీద ఇద్దరు. మూల మంచం మీద ఎవరో ముసలాయన గురక. గుమ్మంలో మేక. మధ్యలో కాళ్ళు బారజాపుకుని తవిటమ్మ. తలుపు మూసే వీలే లేదు, వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు, వాళ్ళతో వీధిలో సెగ కూడా లోపలికి వస్తోంది.

నా మీటరు పైన దూలానికి వేలాడుతూ ఇదంతా కొలుస్తోంది.

"రావే మీటరమ్మా, కూకో" అంది తవిటమ్మ. "మా సిన్నకోడలి కొంపలో జన్మలో కాలెట్టననుకున్నాను. నీ రంగు పున్నెమాని పొద్దున్నొస్తే సందేళకే పోవడం."

"పోవడం కూడా నేదు, రాత్తిరి కంచం కూడా ఇక్కడే" అంది తాయారు.

"నీ కొంప కాదే, నా కొడుకు కొంప."

అందరూ నవ్వుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి మేకని చూస్తున్నాను. ఇల్లు చల్లబడింది, చల్లబడిందని వీధంతా వచ్చింది, వీధంతా వచ్చేసరికి వేడెక్కింది. ఎంత మంచి రంగు. దాని మంచితనమంతా వీళ్ళు పంచుకు తాగేశారు. మీటరుకి ఏమీ మిగల్లేదు.

ప్రమోద్ చెప్పింది నిజమే. అందుకని క్షమాపణ అడగాల్సినంత విషయం కాదు. టీ ఇప్పించాను. తాగాడు.

ఏప్రిల్ 30

సారు నవ్వారు ముందు. తర్వాత నవ్వలేదు. "ఇలా పంపిస్తే రంగు పనికిరాదని రాసినట్టే. మళ్ళీ కొలవాలి. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంట్లో ఉండాలి. తలుపు మూసి ఉండాలి. మే మూడో వారం దాకా. నువ్వు అక్కడే ఉండి చూసుకో."

"ఎండల్లో వాళ్ళని వెళ్ళగొట్టమంటారా?"

"నేను అనను. నువ్వే వాళ్ళకి చెప్పు, వద్దంటే మానేద్దాం. ఫైలు మూసేస్తారు."

ఈయన ఎప్పుడూ ఇలాగే. కత్తి మన చేతికి ఇచ్చి చేతులు కట్టుకుంటాడు.

మే 1

చెప్పాను. తాయారు గుమ్మంలో నిలబడి వీధందరికీ చెప్పాను. ఇంత బాగా మాట్లాడతానని నాకే తెలీదు. ఈ కొన్నాళ్ళు ఓర్చుకుంటే ప్రతి ఇంటి మీదా తెల్లకప్పు, ఇది దానం కాదు, మన హక్కు, కాగితం మీద రుజువు చేసి తీసుకుందాం అన్నాను. ఒక కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

తవిటమ్మ అడిగింది. "మజ్జానం కాసేపొస్తే తెలుస్తాదేటి?"

"తెలుస్తుంది మామ్మా. ఎవరు ఎక్కడున్నారో, ఎవరు బయటికి వెళ్ళారో అన్నీ మీటరుకి తెలిసిపోతాయి."

"ఓలమ్మ. దానికి కళ్ళున్నాయేటి?"

"ఉన్నట్టే."

మనుషుల్ని మీటరు చూడదు, గాలి వేడి ఒక్కటే చూస్తుంది. కొంచెం పెంచి చెప్పాను. వాళ్ళ మంచికే.

మే 4

గీతలు విడిపోతున్నాయి. సారు మెచ్చుకున్నారు.

మే 6

నా అవసరమే లేదు, తాయారే కాపలా. మేకని కూడా రానివ్వడం లేదు. "మా అత్తొచ్చినా నేదు, అమ్మొచ్చినా నేదు. ఊరందరి పని" అంటోంది. ప్రజలకి విషయం అర్థమైతే వాళ్ళే ముందు నడుస్తారని చదివాను. కళ్ళారా చూస్తున్నాను. నేను తాయారు ఇంటి ఎదురుగా వేపచెట్టు కింద కూర్చుని రాసుకుంటున్నాను. ఇక్కడ గాలి బాగుంది.

మే 9

ఎండ. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది.

తవిటమ్మ చెంబు పట్టుకుని తాయారు గుమ్మం దాకా వచ్చింది. "కాసేపు కూకుంటానే. కళ్ళు తిరుగుతన్నాయి."

తాయారు నా వైపు చూసింది. నేను లేచి వెళ్ళాను. "ఇంకొన్నాళ్ళే మామ్మా. నీళ్ళు తాగి పడుకో" అన్నాను. చెంబు నిండా నీళ్ళు నేనే పోసి ఇచ్చాను, కుండలోవి.

"మరేలే" అని వెళ్ళిపోయింది. తలుపు వేసుకుంది.

ఇవాళ్టి తేడా ఇప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికంటే పెద్దది.

మే 10

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 11

బీపీ అట. నిన్న సాయంత్రం గోవింద్ వచ్చి తలుపు తీసేసరికి మామ్మ నేల మీద ఉందట. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ వయసులో బీపీ మామూలే. తాయారే ఫోన్లో చెప్పింది, బీపీ అని.

ముందు నుంచీ ఉండే ఉంటుంది. మా నాయనమ్మకీ ఉండేది.

నీళ్ళిచ్చాను. చెంబు నిండా ఇచ్చాను.

మే 12

ప్రమోద్ ఆసుపత్రికి వెళ్ళొచ్చాడు. నాకు చెప్పకుండా వెళ్ళాడు. వడదెబ్బ అన్నాడు. మనిషిని గుర్తుపడుతోంది, మాట కాస్త తేడాగా ఉంది, ప్రాణానికి భయం లేదన్నారట.

"బీపీ అన్నారు" అన్నాను.

"వడదెబ్బ, శైలజా."

నేను అరవలేదు. అతనే ఆశ్చర్యపోయి ఉంటాడు.

మొన్న పదో తారీకున ఏమీ రాయలేదు కదా. మొన్న మధ్యాహ్నం ఆవిడ పడున్నప్పుడు నేను ఎదురుగా చెట్టు కిందే ఉన్నాను. తలుపు వేసి ఉంది, పడుకుందనుకున్నాను. తలుపు వేసుంటే గీత బాగా వస్తుందని సంతోషించాను కూడా.

మే 13

ఆ ఇల్లు ఖాళీగా ఉంది. ఇటు మనుషులుండి, అటు లేకపోతే పోలిక చెడిపోతుంది. ఇప్పటిదాకా ఆవిడ పడిన బాధంతా వృథా అవుతుంది. సారు గదికి వెళ్ళి, నేను కూర్చుంటాను ఆ ఇంట్లో, పగలంతా, అన్నాను.

"ఆడపిల్లవి. నీకు ఎండదెబ్బ తగిలితే మీ నాన్నగారికి నేనేం చెప్పాలి?"

"మామ్మకి తగిలినప్పుడు గోవింద్‌కి ఏం చెప్పారో అదే చెప్పండి" అని అరిచాను. కిటికీ అద్దాలు అదిరాయి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏమీ చెప్పలేదనేగా అర్థం.

సరేనన్నారు.

మే 15

రేకు కింద.

పొద్దున్న పర్వాలేదు. ఎండెక్కాక పైనుంచి ఎవరో ఇస్త్రీపెట్టె ఆనిస్తున్నట్టుంటుంది. రేకు టప్పు టప్పుమని చప్పుడు చేస్తుంది, వేడికి సాగి. ఆ చప్పుడు గురించి ఎక్కడా చదవలేదు నేను.

పసుపు అట్ట పుస్తకంతో విసురుకున్నాను. అట్ట ఊడిపోయింది.

మే 16

మధ్యాహ్నం తర్వాత బుర్ర పనిచెయ్యదు. ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుతాను. లేచి గుమ్మం దాకా వెళ్తాను, వచ్చి కూర్చుంటాను. ఆవిడ ఇక్కడ రోజూ ఉంది. ఎన్నేళ్ళుగానో ఉంది.

మే 17

తాయారు చోడంబలి తెచ్చింది. తాగుతుంటే నా మొహం చూసి, "బయటికొచ్చి సెట్టుకింద కూకోమ్మా. నీ సారు సూడొచ్చాడేటి?" అంది.

"మీటరు చూస్తుంది" అన్నాను, నవ్వుతూ.

తాయారు నవ్వలేదు.

"మా అత్తా అదే అంది. పడిపోయిన రోజు నువ్వింకా రాకముందే కిటికీలోంచి కేకేసినాను, అత్తా, ఇక్కడికొద్దుగానీ ఎల్లి సెట్టు కింద కూకో అని. నేదే, మీటరు సూసేస్తాది, నా ఒక్కదాని వల్ల మీ అందరికీ రంగు పోతాది అంది. ఇనలేదు. మొండిది."

గ్లాసు కడిగిచ్చాను. చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

చెట్టు కింద కూర్చుంటే ఏమీ అయ్యేది కాదు. ఒక్క మనిషి ఒక పూట లేకపోతే ఆ గీత కదిలేది కూడా కాదు.

మే 18

మీటరు చూస్తుంది అన్నది నేనే.

మే 21

అయిపోయింది. మీటర్లు దింపాను. గోవింద్ స్టూలు పట్టుకున్నాడు. అమ్మ ఎలా ఉందని అడిగాను. ఆసుపత్రి నుంచి పంపించేశారట, శ్రీకూర్మంలో చెల్లెలి ఇంట్లో ఉంచారట. "ఆల్ది డాబా ఇల్లు, సల్లగుంటాది" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేనూ అరిచేదాన్ని.

మే 26

రిపోర్టు చూపించారు సారు. గీతలు అందంగా ఉన్నాయి. ఒకచోట, రెండు ఇళ్ళలోనూ పరీక్ష పొడుగునా నివాసితులు మామూలుగానే ఉన్నారు అని ఉంది.

ప్రమోద్ అన్నాడు, "ఈ వాక్యం తీసెయ్యండి సార్. జరిగింది రాద్దాం."

"రాస్తే మొదట అడిగేది మనుషుల మీద పరీక్షకి అనుమతి కాగితం ఏదని. అది మన దగ్గర లేదు, మనం ఇళ్ళ మీద చేస్తున్నామనుకున్నాం. రిపోర్టు పక్కన పడేస్తారు. కాలనీకి రంగు రాదు. శైలజా, నువ్వు చెప్పు."

ఇద్దరూ నా వైపు చూశారు. ఎప్పుడూ నిజం నిజం అని అరిచేది నేనే కదా.

"అలాగే ఉంచండి" అన్నాను. సంతకం పెట్టాను.

కాలనీ కోసం. ఇంకెవరి కోసమూ కాదు. నా పేరు బయటికి వస్తుందని కాదు.

మే 27

కాలనీ కోసమే.

మే 29

మీటింగు.

గృహనిర్మాణం నుంచి వచ్చిన మేడమ్ గీతల్ని శ్రద్ధగా చూసింది. తొమ్మిదీ పదీ తారీకుల దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఇంత తేడా ఎందుకొచ్చింది?" అని అడిగింది.

"ఎండ బాగా కాసింది మేడమ్. మాకు దొరికిన వాటిలో అన్నిటికంటే మంచి రోజులవి" అన్నారు సారు. ఆయన మాటలో కపటం లేదు. నాకు తెలుసు. మే తొమ్మిదిన నేను కూడా అలాగే రాసుకున్నాను.

నేను లేచి నిలబడ్డాను. అరుస్తాననుకున్నాను, మామూలుగానే చెప్పాను.

"ఆ రోజు రంగు లేని ఇంట్లో ఉన్న పెద్దావిడ కళ్ళు తిరుగుతున్నాయని పక్కింటికి వచ్చింది. నేను వెనక్కి పంపించాను. బయటికి వెళితే మీటరుకి తెలిసిపోతుందని అంతకుముందే అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మింది. మర్నాడు వడదెబ్బ తగిలి పడిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నది నేను. నివాసితులు మామూలుగా ఉన్నారన్న వాక్యం తప్పు. దాని కింద నా సంతకం ఉంది."

మేడమ్ గీతల మీంచి వేలు తీసేసింది.

"ఇప్పుడెలా ఉన్నారావిడ?" అని అడిగింది మేడమ్.

ఆ గదిలో ఆ ప్రశ్న ముందుగా అడిగింది ఆమే. నేను చెప్పలేకపోయాను, శ్రీకూర్మం వెళ్ళలేదు కనక. "నడుస్తున్నారు" అన్నాడు ప్రమోద్. అతను మళ్ళీ వెళ్ళొచ్చాడన్నమాట.

చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి, జరిగింది జరిగినట్టు రాసివ్వమంది. కాలనీకి రంగు సిఫారసు చేసి వానలకి ముందే పని మొదలుపెట్టిస్తాననీ, వచ్చే వేసవికి మేం అనుకున్న మిగతా ఊళ్ళ పరీక్షలు మాత్రం ఆపేస్తున్నాననీ చెప్పింది. సారు మూడేళ్ళుగా ఎదురుచూసిన పని అది.

బయట సారు నాతో, "రేపట్నుంచి ల్యాబుకి రావద్దమ్మా" అన్నారు. నెమ్మదిగానే అన్నారు. ఎండలో గొడుగు విప్పి వెళ్ళిపోయారు.

జూన్ 2

శ్రీకూర్మం వెళ్ళాను.

తవిటమ్మ వసారాలో చాప మీద ఉంది. ముందు రాట్నం. నన్ను చూసి కాసేపటికి గుర్తుపట్టింది.

"మీటరమ్మా. సిక్కిపోయినావేటి?"

నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. మీటరుకి కళ్ళు లేవని, అది నేను కల్పించానని, చెట్టు కింద కూర్చుంటే ఏమీ అయ్యేది కాదని. ఆవిడ వింటూ పత్తి పింజ వేళ్ళ మధ్య పెట్టి పోగు తియ్యబోయింది. చెయ్యి వణికింది. తెగింది. మళ్ళీ అతికింది. మళ్ళీ తెగింది.

"ఇలాగైపోయినాది సెయ్యి" అంది. "యాభై ఏళ్ళ సెయ్యి."

కింద పడిన పింజ తీసి ఇచ్చాను.

"అయితే మీటరుకేటీ తెలీదా?"

"తెలీదు మామ్మా."

"మరి నాకెందుకలా సెప్పినావే?"

జవాబు కోసం చూసింది. నిజంగానే చూసింది, తిట్టడానికి కాదు. నేను నేల చూశాను. ఆవిడ రాట్నం పక్కకి జరిపింది.

"రంగేస్తన్నారంటకదా. మా ఇంటికెప్పుడేస్తారు?"

"ముందు మీ ఇంటికే" అన్నాను.

"అదైనా నిజమేనా?"

"నిజం."

బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, నేనిప్పుడు ఆ పనిలో లేనని.

జూన్ 3

ప్రమోద్‌కి ఫోన్ చేశాను. వీధి ఆ చివర నుంచి మొదలుపెడతారట. మేస్త్రీ వరస రాసేసుకున్నాడు. గోవింద్ ఇల్లు దాదాపు ఆఖరున ఉంది. వానలు ముందొస్తే మిగిలినవి దసరా తర్వాతే.

వరస మార్చమన్నాను. తన చేతిలో లేదన్నాడు. ఎవరి చేతిలో ఉంది అన్నాను. మేస్త్రీ చేతిలో, మేస్త్రీ పైన కాంట్రాక్టరు చేతిలో అన్నాడు. వాళ్ళ దగ్గరికి నన్ను తీసుకెళ్ళు అన్నాను.

"వాళ్ళ మీద అరుస్తావు, ఉన్నది కూడా పోతుంది."

"అరవను."

"శైలజా."

"అరవను, బతిమాలతాను. నాకు చేతకాదు, నువ్వు పక్కన ఉండు."

రేపు పొందూరు స్టేషన్లో నా పొద్దుటి రైలు కోసం ఎదురుచూస్తానన్నాడు.